డిగ్రీ చదివి బిల్లులు చూసే ఉద్యోగమా?

ప్రశ్న: బిజినెస్ డిగ్రీ ఈ మధ్యే పూర్తయింది. మార్కులు ఫర్వాలేదు. చివరి ఏడాది కాలేజీ ఫెస్ట్‌కు స్పాన్సర్‌షిప్ టీమ్‌లో పనిచేశాను. ఒక కేస్ కాంపిటీషన్‌లో (కంపెనీ సమస్య ఇచ్చి పరిష్కారం చెప్పమనే పోటీ) మా టీమ్‌కు రెండో స్థానం వచ్చింది. వేసవిలో 8 వారాలు ఇంటర్న్‌షిప్ చేశాను కానీ, ఒక షీటులోంచి ఇంకో షీటులోకి అంకెలు ఎక్కించడం తప్ప అక్కడ ఏమీ చేయించలేదు. ఇప్పుడు ఒక మధ్యతరహా కంపెనీలో, అకౌంట్స్‌లో సప్లయర్ల బిల్లులు చూసే ఉద్యోగం వచ్చింది. నాకేమో మార్కెటింగ్, స్ట్రాటజీ ఇష్టం. ‘ఇంత చదివి బిల్లులు ఎక్కిస్తావా’ అంటున్నారు స్నేహితులు. చేరమంటారా, ఆగమంటారా? చేరడానికి 3 వారాల టైముంది. ఈలోపు ఏం నేర్చుకోవాలి? కాలేజీ సంగతులు రెజ్యూమెలో ఎలా రాయాలో కూడా చెప్పండి.

జవాబు: చేరండి. కాకపోతే సంతకం పెట్టేముందు రెండు సంగతులు అడిగి తెలుసుకోండి. బిల్లు వచ్చిన దగ్గర్నుంచి డబ్బు చెల్లించేదాకా పనంతా మీ చేతిమీదుగా నడుస్తుందా, లేక కంప్యూటర్లో ఎక్కించి పక్క టేబులుకు పంపడంతో సరిపోతుందా? నెలాఖరు క్లోజింగ్‌లో, అంటే ఆ నెల లెక్కలు ముగించి తేల్చే చోట, మీకు పని ఉంటుందా, ఉండదా? రెండింటికీ ‘లేదు’ అన్నారంటే, ఏడాదిలోగా వేరే పనికి మార్చే అవకాశం కూడా లేదన్నారంటే, మీ స్నేహితుల మాటే నిజం. వదిలేయండి. ఒక్కదానికైనా ‘ఉంది’ అంటే మాత్రం, కంపెనీ ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి కొత్తవాళ్లకు దొరికే కుర్చీల్లో ఇది మంచి కుర్చీ. పేరులో స్ట్రాటజీ ఉన్న తొలి ఉద్యోగాల్లో చాలావాటిలో చేసే పని, పైవాళ్ల స్లయిడ్లలో అక్షరాల సైజు సరిచేయడం.

ఎందుకు మంచి కుర్చీయో చెబుతాం. కాలేజీలో కంపెనీని ముక్కలుగా కోసి చెబుతారు. మార్కెటింగ్ ఒక పేపరు, ఫైనాన్స్ ఒకటి, ఆపరేషన్స్ ఇంకొకటి. ఒకదాని పుస్తకం పక్కన ఇంకోదాని పుస్తకం తెరిచి చూసే అవసరం పరీక్షల్లో ఎప్పుడూ రాదు. కేస్ స్టడీలో కొంత కలుస్తాయి గానీ, అక్కడ కావలసిన పట్టికలన్నీ వెనక పేజీల్లో ముందే అతికించి ఉంటాయి. ఉద్యోగంలో ఆ పట్టికలు ఎవరూ ఇవ్వరు, మీరే వెతికి తెచ్చుకోవాలి. అవి దొరికే చోట్లలో సప్లయర్ బిల్లు ఒకటి.

ఒక బిల్లు తీసుకుందాం. 500 అట్టపెట్టెలకు, ఒక్కోటి 120 చొప్పున, పర్చేజ్ ఆర్డరు వెళ్లింది. గోడౌన్‌కు చేరినవి 480. వాటిలో 12 నలిగిపోయాయి. సప్లయర్ మాత్రం 500 పెట్టెలకూ 60,000కు బిల్లు పంపాడు. ఎంత చెల్లించాలి? మీ టేబుల్ మీద మూడు కాగితాలు ఉండాలి: ఆర్డరు, సరుకు అందినట్టు గోడౌన్ ఇచ్చిన రసీదు, బిల్లు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి పరిమాణం, ధర సరిపోయాయో లేదో చూడటాన్నే త్రీ వే మ్యాచ్ అంటారు. పనికొచ్చేవి 468, అంటే 56,160. మిగతా 32 పెట్టెలకు 3,840 తగ్గిస్తూ సప్లయర్ క్రెడిట్ నోట్ ఇవ్వాలి.

కొత్తవాళ్లు ఇక్కడ రెండు రకాలుగా పొరపాటు పడతారు. బిల్లు ముద్దుగా అచ్చయి, సీలూ సంతకమూ ఉంటే అదే నిజమనుకుని 60,000 కట్టేస్తారు. లేదా తేడా తేలేదాకా బిల్లు మొత్తం ఆపేస్తారు. ఈలోపు సప్లయర్ తర్వాతి లోడు ఆపేస్తాడు, ప్యాకింగ్ లేక సరుకు కదలదు, ఆ రోజు సాయంత్రం మీ పేరు కంపెనీ అంతటికీ తెలుస్తుంది. గొడవలేని భాగం చెల్లించి మిగతాది ఆపే కంపెనీలున్నాయి, క్రెడిట్ నోట్ వచ్చాకే మొత్తం వదిలే కంపెనీలున్నాయి. మీ కంపెనీ పద్ధతి ఏదో మొదటి వారంలోనే అడిగి రాసుకోండి.

ఆ 3,840 వెనక ఏముందో కూడా చూడండి. 20 పెట్టెలు ఎందుకు తగ్గాయి? ఇదే సప్లయర్ దగ్గర నిరుడు కూడా తగ్గాయా? 12 ఎందుకు నలిగాయి, అట్ట మందం తగ్గించమని ఎవరైనా చెప్పారా? చెబితే ఖర్చు తగ్గించమన్నది పర్చేజ్ వాళ్లా, కొత్త డిజైన్ కావాలన్నది మార్కెటింగ్ వాళ్లా? ఒక్క బిల్లు తోక పట్టుకుని నాలుగు విభాగాలు తిరిగి రావచ్చు. మీరు ఇష్టమంటున్న స్ట్రాటజీ ఉండేది ఇక్కడే.

ఇంకో ఉదాహరణ గడువుల గురించి. బిల్లు కింద ‘2/10, నెట్ 30’ అని ఉంటే, 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు, లేదంటే 30 రోజుల్లో పూర్తి మొత్తం అని అర్థం. 2 శాతమే కదా అనిపిస్తుంది. లెక్క వేయండి. 100 బదులు 98 కట్టే అవకాశం వదులుకుంటే, ఆ 98ని మరో 20 రోజులు దగ్గర పెట్టుకున్నందుకు 2 ఎక్కువ ఇస్తున్నట్టు. 2ను 98తో భాగించి, 365ను 20తో భాగించగా వచ్చే 18.25తో గుణిస్తే ఏడాదికి సుమారు 37 శాతం వడ్డీ. కంపెనీ బ్యాంకు దగ్గర ఇంతకంటే తక్కువ వడ్డీకి అప్పు తేగలిగితే, అప్పు తెచ్చి అయినా 10వ రోజుకల్లా కట్టడమే లాభం. ఈ సూత్రం మీరు ఫైనాన్స్ పేపర్లో చదివే ఉంటారు. బిల్లు మీ టేబుల్ మీద 14 రోజులు ఆగిపోయి తగ్గింపు చేజారిందన్న సంగతి మాత్రం పేపర్లో ఉండదు. ఆగింది సంతకం కోసమా, గోడౌన్ రసీదు కోసమా? నెల రోజుల బిల్లులకు ఈ కారణాలు రాసిపెట్టుకుంటే, మీ మేనేజరుకు చూపించడానికి ఒక నిజమైన విశ్లేషణ మీ చేతిలో ఉన్నట్టే.

ఇక ఇంటర్న్‌షిప్. అంకెలు ఎక్కించడమే చేయించారని చిన్నబుచ్చుకుంటున్నారు. 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. దేశం అప్పు జీడీపీలో 90 శాతం దాటితే సగటు వృద్ధి సున్నాకు కిందికి, మైనస్ 0.1 శాతానికి పడిపోతుందన్నది అందులో అందరి నోటా నానిన అంకె. కొన్నేళ్లకు ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి, క్లాసు అసైన్‌మెంట్‌గా అదే లెక్క మళ్లీ చేయబోతే కుదరలేదు. రచయితల దగ్గర్నుంచే ఎక్సెల్ షీటు తెప్పించుకుని చూస్తే, సగటు తీసే ఫార్ములా 30వ వరస నుంచి 49 దాకా ఉండాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది. 5 దేశాలు లెక్కలోంచి జారిపోయాయి. దాంతోపాటు ఏ ఏళ్లను తీసుకున్నారు, ఏ దేశానికి ఎంత బరువు ఇచ్చారు అన్న తేడాలు కూడా సరిచేస్తే వచ్చింది 2.2 శాతం. గళ్లు ఒక్కొక్కటిగా తడిమినవాళ్లకే ఇలాంటివి దొరుకుతాయి. మీ 8 వారాల్లో మీరు ఏ షీటు నుంచి ఏ షీటుకు ఎక్కించారు, వారానికి ఎన్ని వరసలు, ఎక్కడ సరిపోలేదు, మీరు ఎత్తి చూపిన తేడా ఏదైనా ఉందా, ఆ రిపోర్టు చివరికి ఎవరు చదివేవారు? ఈ రాత్రికే కూర్చుని గుర్తున్నంత మటుకు రాయండి. మరో 6 నెలలైతే గుర్తుండదు.

రెజ్యూమె ఇప్పుడే రాయమనేది కూడా అందుకే. ఉద్యోగం చేతిలో ఉన్నా, రేపు మార్కెటింగ్ వైపు వెళ్లాలంటే అది కావాలి, వివరాలు తాజాగా ఉన్నది ఇప్పుడే. ‘స్పాన్సర్‌షిప్ టీమ్ సభ్యత్వం, నాయకత్వ లక్షణాలు పెంపొందాయి’ అని రాస్తే చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఎన్ని కంపెనీలను అడిగారు, ఎన్ని బదులిచ్చాయి, ఎన్ని ఒప్పుకున్నాయి, ఒప్పుకున్న మొత్తంలో ఫెస్ట్ రోజుకు చేతికి వచ్చింది ఎంత, మిగతాది ఎన్ని రోజులకు ఎలా వసూలు చేశారు? ఉదాహరణకు ఇలా ఉండవచ్చు: ‘62 కంపెనీలను సంప్రదించి 9 ఒప్పందాలు కుదిర్చాను. ఒప్పుకున్న మొత్తంలో ఫెస్ట్ నాటికి 70 శాతమే వచ్చింది. మిగతా బకాయికి ప్రతి వారం గుర్తుచేస్తూ 5 వారాల్లో పూర్తిగా రాబట్టాను.’ ఈ మూడు వాక్యాల్లో అమ్మకం ఉంది, వసూలు ఉంది, ఒప్పుకున్న డబ్బు వేరు వచ్చిన డబ్బు వేరన్న ఎరుక ఉంది. చివరిది చాలామంది డిగ్రీవాళ్లకు ఉండదు. ఫెస్ట్‌లో మీరు వసూలు చేసే వైపున్నారు, ఇప్పుడు చెల్లించే వైపుకు వెళ్తున్నారు. తేడా అంతే.

పై అంకెలు మచ్చుకే. మీవి మీ పాత మెయిళ్లలో, టీమ్ షీటులో వెతకండి. కచ్చితంగా దొరక్కపోతే ‘సుమారు’ అని రాయండి. గుర్తులేని అంకెను గుండ్రంగా కల్పించి రాయొద్దు, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నే ‘ఇది ఎలా లెక్కపెట్టారు’ అని వస్తుంది. ‘మేము’ చేసినదాంట్లో ‘నేను’ చేసింది విడదీసి రాయడం కూడా ముఖ్యం. టీమ్‌లో ఆరుగురున్నప్పుడు ఆరుగురూ ‘ప్రాజెక్టును నడిపించాను’ అని రాసుకుంటారు. కేస్ కాంపిటీషన్ విషయంలో రెండో స్థానం సగం వాక్యంలో చెప్పేసి, మీ సిఫార్సు ఏ ఒక్క అంకె మీద నిలబడిందో, ఆ అంకె తప్పయితే సిఫార్సు ఎలా మారేదో రాయండి. జడ్జీలు అడిగి మీరు చెప్పలేకపోయిన ప్రశ్న గుర్తుంటే దానికి జవాబు ఇప్పుడు తయారుచేసుకోండి. అదే ప్రశ్న ఏదో ఒక ఇంటర్వ్యూలో వేరే వేషంలో వస్తుంది.

రూపం సంగతి: ఒక్క పేజీ, ఒక్క కాలమ్. రెండు కాలమ్‌లు, పట్టికలు, బొమ్మలు పెడితే కంపెనీల వడపోత సాఫ్ట్‌వేర్ ఎడమవైపు వాక్యం సగం, కుడివైపు వాక్యం సగం కలిపి చదివే ప్రమాదముంది. పీడీఎఫ్ చేశాక అందులోని అక్షరాలను మౌస్‌తో ఎంచుకుని నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి, అక్కడ వరస చెదిరిందంటే సాఫ్ట్‌వేర్‌కూ చెదురుతుంది. ‘ఎక్సెల్ 85 శాతం’ అంటూ నిండిన గీతలు గీయొద్దు. ఎవరు కొలిచారని?

ఇప్పుడు ఆ 3 వారాలు. సర్టిఫికెట్ కోర్సుల జోలికి పోకండి. 3 వారాల్లో నాలుగు సర్టిఫికెట్లు తెచ్చుకోవచ్చు, కానీ మొదటి రోజు 2,000 వరసల ఫైలు ముందు పెడితే అవి అక్కరకు రావు. మీ ఫెస్ట్ లెక్కల షీటు తెప్పించుకోండి. అది కచ్చితంగా గందరగోళంగానే ఉంటుంది, మీకు కావలసిందీ అదే. దాన్ని మొదటినుంచి మళ్లీ కట్టండి: ఒక వరసకు ఒక లావాదేవీ, ఒక కాలమ్‌కు ఒకే రకం వివరం, కలిపేసిన గళ్లు లేకుండా. తర్వాత, వరసలను పేర్లవారీగా కూడి చూపే పివట్ టేబుల్‌తో ఎవరు ఎంత ఇచ్చారు, దేనికి ఎంత ఖర్చయింది తీయండి.

ఎక్సెల్‌లో ఏం తెలుసు అన్నదానికంటే అది ఎక్కడ మోసం చేస్తుందో తెలియడం ఎక్కువ అవసరం. సప్లయర్ కోడ్ 00457 అని ఉంటే ముందున్న సున్నాలు మింగేసి 457 చేస్తుంది. 15 అంకెలు దాటిన సంఖ్యను టైప్ చేస్తే 16వ అంకె నుంచి సున్నాలు పెట్టేస్తుంది, పొడవైన ఖాతా నంబర్లు ఇలాగే పాడవుతాయి. ఈ రెండింటికీ మందు ఒకటే, ఎక్కించక ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చడం. ఎక్కించాక మారిస్తే పోయినవి తిరిగి రావు. తేదీల్లో 03/04 అంటే ఒక కంప్యూటర్లో ఏప్రిల్ 3, ఇంకో కంప్యూటర్లో మార్చి 4. బిల్లు గడువు నెల రోజులు అటూఇటూ అయిపోతుంది. 12 దాటిన రోజులు మాత్రం సరిగానే కనిపిస్తాయి లేదా టెక్స్ట్‌గా మిగిలిపోతాయి కాబట్టి, కాలమ్‌లో కొన్ని తేదీలు ఎడమకు, కొన్ని కుడికి జరిగి ఉంటే అనుమానించండి. సప్లయర్ పేరు చివర కంటికి కనబడని ఖాళీ ఉంటే రెండు షీట్లలో ఒకే పేరు వేర్వేరు పేర్లవుతుంది. ట్రిమ్ ఫంక్షన్ దాన్ని తీసేస్తుంది. వెబ్ పేజీల నుంచి వచ్చే మరో రకం ఖాళీని మాత్రం అది తీయదు, దాన్ని విడిగా వెతికి తొలగించాలి.

ఒక షీటులోని వివరాన్ని ఇంకో షీటులోంచి వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫంక్షన్‌లో నాలుగో చోట ఫాల్స్ అని ఇవ్వకపోతే, అది సరిగ్గా సరిపోయినదాని కోసం కాక దగ్గరలో ఉన్నదాని కోసం చూస్తుంది. చాలాసార్లు తప్పు అంకె వస్తుంది, ఎర్రరు రాదు. అందుకే అది ప్రమాదం. అదే పనిచేసే ఎక్స్‌లుకప్ (XLOOKUP) అయితే చెప్పకపోయినా సరిగ్గా సరిపోయినదే వెతుకుతుంది. ఇక ఒక్క కాలమ్‌ను మాత్రమే ఎంచుకుని సార్ట్ చేస్తే ఒకరి బకాయి ఇంకొకరి పేరు పక్కకు వెళ్లిపోతుంది. ఎక్సెల్ హెచ్చరిస్తుంది, తొందరలో మనమే దాన్ని మూసేస్తాం.

వీటన్నిటికీ కలిపి ఒక కాపలా ఉంది. ఏ ఫైలు చేతికి వచ్చినా మొదట రెండు అంకెలు కాగితం మీద రాసుకోండి: ఎన్ని వరసలు, మొత్తం ఎంత. పని ముగిశాక మళ్లీ చూడండి. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 మధ్య ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి ఎక్కలేదు. వివరాలు పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో ఎక్కించారు, అందులో షీటుకు 65,536 వరసలే పడతాయి, మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. ఇప్పటి ఫార్మాట్‌లో 10,48,576 పడతాయి గానీ వరసలు లెక్కపెట్టే అలవాటు మాత్రం మానొద్దు.

రెండో వారం పద్దుల మీద పెట్టండి. డెబిట్, క్రెడిట్ పరీక్ష కోసం చదివి మర్చిపోయి ఉంటారు, ఓసారి తిరగేయండి. రెండు వైపులూ సరిపోనప్పుడు పనికొచ్చే పాత కిటుకులు రెండున్నాయి. తేడా 9తో నిశ్శేషంగా భాగమైతే రెండు అంకెలు తారుమారు అయ్యాయేమో చూడండి. 5,472 బదులు 5,742 పడితే తేడా 270, అంటే 9 ముప్పైలు. తేడా సరి సంఖ్య అయితే దాన్ని సగం చేసి, ఆ మొత్తం ఉన్న పద్దు ఎదురు వైపు పడిందేమో వెతకండి. దొరక్కపోతే అప్పుడు వరసగా చూసుకురావచ్చు.

సప్లయర్ స్టేట్‌మెంట్‌ను మన పుస్తకంతో సరిచూడటం ఎలాగో కూడా తెలుసుకోండి. వాళ్ల లెక్కలో మనం బాకీ 2,40,000, మన లెక్కలో 1,85,000 అనుకోండి. తేడా 55,000. వాళ్లు పంపినా మనకింకా అందని బిల్లు 40,000, మనం చెల్లించినా వాళ్ల ఖాతాలో ఇంకా పడని 11,160, మన పుస్తకంలో తగ్గించేసినా వాళ్లు ఇంకా ఇవ్వని క్రెడిట్ నోట్ 3,840. కలిపితే 55,000. ప్రతి ముక్కకూ కారణం, తేదీ, ఎవరు తేల్చాలి అన్నది పక్కన రాస్తేనే సరిచూసినట్టు. ‘చిల్లర తేడా’ అని చివర్లో ఒక వరస పెట్టి సరిపెట్టడం ఈ పనిలో మొదటి చెడ్డ అలవాటు. చిన్న తేడాలో ఎదురెదురు దిశల్లో ఉన్న రెండు పెద్ద తప్పులు దాగి ఉండవచ్చు.

మూడో వారం మీకు నచ్చిన ఏ లిస్టెడ్ కంపెనీదైనా వార్షిక నివేదిక తీసుకుని మూడు అంకెలు కట్టండి: సరుకు ఎన్ని రోజులు గోడౌన్‌లో ఉంటోంది, అమ్మాక డబ్బు ఎన్ని రోజులకు వస్తోంది, సప్లయర్లకు ఎన్ని రోజులకు ఇస్తున్నారు. 45, 40, 30 అనుకుంటే, మొదటి రెండూ కలిపి మూడోది తీసేయగా 55. అన్ని రోజులు కంపెనీ తన డబ్బు పెట్టి నడపాలి. అమ్మకాలు రెట్టింపైతే ఆ 55 రోజులకు కావలసిన డబ్బూ రెట్టింపవుతుంది. లాభాల్లో ఉన్న కంపెనీ జీతాలకు తడుముకునేది ఇందుకే. ఆ మూడో అంకె మీ టేబుల్ మీదే ఉంటుంది.

చేరాక మొదటి రెండు నెలలు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. వినబడిన ప్రతి పొడి అక్షరాల పేరు, ప్రతి రిపోర్టు పేరు, దాన్ని ఎవరు ఎందుకు చదువుతారు అన్నది రాయండి. ప్రశ్నలు పోగుచేసుకుని సాయంత్రం పది నిమిషాలు అడగండి, ‘ఇది ఇలా చూశాను, ఇలా అనుకుంటున్నాను, సరేనా’ అన్న పద్ధతిలో. చెల్లింపులు వెళ్లే రోజున మాత్రం అనుమానం వస్తే ఆగకండి, అప్పటికప్పుడే అడగండి. ఫైలు బ్యాంకుకు వెళ్లకముందు తప్పు కనిపిస్తే ఒక వరస తీసేస్తే చాలు, వెళ్లాక అయితే బతిమాలి వెనక్కి తెప్పించుకోవాలి. తప్పు మీదైతే ముందుగా మీరే చెప్పండి: ఏం జరిగింది, ఎంత, ఆపగలమా, ఏం చేద్దామనుకుంటున్నారు. ఎలా జరిగిందో తర్వాత చెప్పుకోవచ్చు.

ఈ కుర్చీలో నిజంగా డబ్బు పోయేది మూడు దారుల్లో. మొదటిది ఒకే బిల్లు రెండుసార్లు కట్టడం. మెయిల్లో ఒక కాపీ, పోస్టులో ఒక కాపీ వస్తుంది. ఒకరు నంబరు మధ్యలో గీతతో ఎక్కిస్తారు, ఇంకొకరు గీత లేకుండా. సిస్టమ్‌కు అవి రెండు బిల్లులు. చెల్లించే ముందు అదే సప్లయర్, అదే తేదీ, అదే మొత్తం ఉన్నవి వడపోసి చూడండి. రెండోది ఇంకా ప్రమాదం. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి’ అని మెయిల్ వస్తుంది. మెయిల్ చిరునామాలో ఇంగ్లీషు ఎమ్ ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉంటాయి, కంటికి ఒకేలా కనబడతాయి. ఆ మెయిల్లో ఇచ్చిన నంబరుకు కాదు, మీ రికార్డులో ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి. పెద్ద సారు అర్జంటన్నారని ఎవరు తొందరపెట్టినా సరే. మూడోది లోపలి వ్యవహారం: 50,000 దాటితే పైసంతకం కావాలన్న చోట ఒకే పనికి 49,500 బిల్లులు రెండు రావడం. కనిపిస్తే మీరు విచారణ చేయకండి, ఎవర్నీ నిందించకండి. రెండు కాగితాలూ మేనేజరు ముందు పెట్టండి.

నెలాఖరులో మీకు తరచూ ఎదురయ్యేది అందిన సరుకు, అందని బిల్లు. సరుకు 29న వచ్చింది, బిల్లు వచ్చే నెల 4న వస్తుంది. ఖర్చు మాత్రం ఈ నెలదే, కాబట్టి అంచనా వేసి ప్రొవిజన్ పెడతారు, అంటే బిల్లు రాకముందే ఆ ఖర్చు రాసుకుంటారు. వచ్చే నెల మొదట్లో దాన్ని వెనక్కి తిప్పాలి. తిప్పడం మర్చిపోతే అసలు బిల్లూ, అంచనా రెండూ పడి ఖర్చు రెండింతలవుతుంది. ‘ఈ నెల ప్యాకింగ్ ఖర్చు ఎందుకు పెరిగింది’ అని మీటింగులో గంటసేపు చర్చిస్తారు, నిజానికి పెరిగి ఉండదు.

మార్కెటింగ్ వైపు ఎప్పుడు కదలాలి? కనీసం ఒక వార్షిక క్లోజింగ్ చూశాక. కొన్ని పనులు ఏడాదికి ఒక్కసారే వస్తాయి, అవి చూడకుండా వెళ్తే సగం చూసినట్టే. ఈలోగా మార్కెటింగ్ విభాగం బిల్లులు వస్తే మీరే చూస్తానని అడిగి తీసుకోండి. ప్రకటనలు, ప్రింటింగ్, డీలర్ల స్కీములు అన్నీ అక్కడికే వస్తాయి. ముందు ఒక లెక్క మీకు కరతలామలకం కావాలి. 80కి కొన్నది 100కు అమ్మితే కొన్న ధర మీద 25 శాతం, అమ్మిన ధర మీద 20 శాతం. ‘20 శాతం మార్జిన్ కావాలి’ అంటే 80కి 20 శాతం కలిపి 96 ధర పెట్టేవాళ్లున్నారు, అప్పుడు మార్జిన్ 16.7 శాతమే. సేల్స్ వాళ్లకూ అకౌంట్స్ వాళ్లకూ సగం పోట్లాటలు ఈ రెండు శాతాల మధ్యే.

ఆ తర్వాత, ముగిసిపోయిన ఒక డిస్కౌంట్ స్కీమును మీ మేనేజరు అనుమతితో తీసి చూడండి. 60 ఖర్చయ్యే వస్తువు 100కు అమ్ముతుంటే 40 మిగులుతుంది. 20 శాతం తగ్గించి 80కి అమ్మితే మిగిలేది 20. పాత లాభమే రావాలన్నా అమ్మకం రెట్టింపు కావాలి. అమ్మకాలు 50 శాతం పెరిగాయని సంబరపడిన స్కీములో ఇంతకుముందు 100 వస్తువుల మీద 4,000 మిగిలితే, ఇప్పుడు 150 మీద 3,000 మిగిలింది. దానికి తోడు పోస్టర్ల బిల్లు, అదనపు రవాణా బిల్లు మీ దగ్గరే ఉన్నాయి. అదంతా ఒక్క పేజీలో పెట్టి, మార్కెటింగ్‌లో పనిచేసేవారిని పావుగంట టైమడిగి, ‘నా లెక్కలో ఏదైనా వదిలేశానా’ అని అడగండి. స్కీము ముగిశాక కూడా వస్తున్న కొత్త కస్టమర్ల సంగతి వాళ్లు చెబుతారు. అది మీ బిల్లుల్లో కనబడదు, రాసుకోండి. ఆ పేజీని మాత్రం ఇంటికి గానీ, సొంత మెయిల్‌కు గానీ పంపుకోకండి. మీ రెజ్యూమెలోకి కంపెనీ అంకెలు కాదు, మీరు వేసిన లెక్క తీరు వెళ్తే చాలు.